బెల్లం వాసన

బెల్లం వాసన రావట్లేదంది అమ్మ. అలా మొదలైంది. సంక్రాంతి వెళ్లాక మా చోడవరం చుట్టుపక్కల ఏ ఊరెళ్లినా పెనాల మీద చెరుకు రసం మరుగుతుంటుంది. ఆ వాసనే తెలియట్లేదంటే జలుబనుకున్నాం. తర్వాత ముక్కు ఒకపక్క మూసుకుపోయింది. రక్తం చారలు కనిపించాయి. నాలుగు నెలలు సైనస్ మందులు మింగింది. మొదటిసారి బయాప్సీలో చచ్చిన కణజాలం తప్ప ఏమీ తేలలేదు. రెండోసారి లోతుగా తీస్తే జబ్బు పేరు తెలిసింది: ఎన్‌కె/టి-సెల్ లింఫోమా. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడిన ఈ క్యాన్సర్ యూరప్‌లో కంటే ఆసియాలో ఎక్కువట.

రేడియేషన్, ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు అయ్యాయి. ముక్కు తెరుచుకుంది. గండం గడిచిందనుకున్నాం.

ఆర్నెల్లకి తలనొప్పంది. "అమ్మీ, నువ్వు ఇద్దరు కనపడతన్నావే" అంది. పొయ్యి ఆపడం మర్చిపోయేది. ఇంత జబ్బుపడ్డాక దిగులుండదా అన్నాడు నాన్న. ఈ వయసు ఆడవాళ్లకి మామూలేనని ఒక డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. మరి నేనేం చేశాను? కథల్లో ఆడవాళ్ల మాటని ఇంట్లోవాళ్లు ఎలా కొట్టిపారేస్తారో పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఫోన్లో "పడుకోమ్మా, తగ్గిపోద్ది" అన్నాను. మూడు వారాలు అలా పోయాయి.

ఈ జబ్బు మెదడుకి పాకేది నూటికి ఏ కొద్దిమందిలోనో. రక్తానికీ మెదడుకీ మధ్య కాపలా గోడ లాంటిదొకటుంది. చాలా కీమో మందుల్ని అది లోపలికి రానివ్వదు. లోపలికి చేరిన క్యాన్సర్ కణాలకి అదే రక్షణ అయిపోతుంది. అందుకే నడుము దగ్గర సూది గుచ్చి, వెన్ను నీటిలోకే మెథోట్రెక్సేట్ ఎక్కిస్తారు. నరంలోకి పెద్ద మోతాదులోనూ ఇస్తారు. అమ్మ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంటే కదలకుండా నేను భుజాలు పట్టుకునేదాన్ని.

ఆ మందు గురించి ఆస్పత్రి వరండాలోనే చదివాను. మెథోట్రెక్సేట్ అనగానే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. లెడర్లీలో ఆ పరిశోధన నడిపించింది ఆయనే. అయితే దానికి అక్కలాంటి అమినోప్టెరిన్ గురించి 1947లో అచ్చయిన వ్యాసంలో మొదటి పేరు డోరిస్ సీగర్ అనే స్త్రీది. అంతకుముందే, 1928లో, లూసీ విల్స్ బొంబాయి వచ్చి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం ఎందుకు తగ్గిపోతోందో వెతికింది. ఈస్ట్ సారంతో కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది. కణాలు పెరగడానికి కావలసిన ఆ ఫోలేట్‌ని అడ్డుకునేదే మెథోట్రెక్సేట్. పాలిపోయిన ఆ కూలి ఆడవాళ్ల నీరసాన్ని ఒకామె మామూలేనని వదిలెయ్యలేదు. ఆ వరండాలో నాకు సిగ్గేసింది.

అమ్మ నాలుగు నెలలు బతికింది. మూడు వారాల ముందే తెచ్చుంటే బతికేదా అని అడిగితే, చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది. మీకు తెలిసినవాళ్లకి ఇలాంటి లింఫోమా ఉండి, ఒక మనిషి ఇద్దరుగా కనపడుతున్నారన్నా, మొహం తిమ్మిరెక్కిందన్నా, మాట తడబడుతోందన్నా దిగులనుకోకండి. ఆ రోజే తీసుకెళ్లి మెదడు ఎమ్మారై, వెన్ను నీటి పరీక్ష సంగతి అడగండి.

నా థీసిస్ కాపీ అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. ఇంకా బయటికి తీయలేదు.