మణికొండ గుట్టల మీద రెండు చక్రాలా, నాలుగు చక్రాలా?

హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న మణికొండకు నేడు వచ్చేవారికి ముందుగా కనిపించేవి ఆకాశాన్ని తాకే అపార్టుమెంట్లు, వాటి వెనుక గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఐటీ భవనాల అద్దాల గోడలు. అయితే ఈ ఊరి అసలు స్వరూపం దాని పేరులోని కొండలో ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఇది ‘మణికొండ జాగీరు’. ఖాజాగూడ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేటల మీదుగా పరచుకున్న ఈ గ్రానైటు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ సాగర్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ సమాధి ఈ పరిసరాల్లోనే ఉంది. ఖాజాగూడ గుట్టను స్థానికులు ఫఖ్రుద్దీన్ గుట్ట అని కూడా పిలుస్తారు. కొన్ని దశాబ్దాల క్రితం వరకు ఇక్కడ తిరిగినవి మేకల మందలు, ఎడ్ల బండ్లు మాత్రమే.

ఇప్పుడు ఈ రాతినేల మరో తరహా ప్రయాణికులను పిలుస్తోంది. వారమంతా కంప్యూటర్ల ముందు గడిపిన యువకులు ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని, ఎత్తైన మడ్‌గార్డు, గళ్లుగళ్లుగా లోతైన పట్టు ఉన్న టైర్లు గల బైకులపై మట్టి దారులు వెతుక్కుంటూ బయలుదేరుతున్నారు. గండిపేట, శంకర్‌పల్లి వైపు వెళితే, కొన్ని వినోద స్థలాలలో నాలుగు లావుపాటి చక్రాల ‘ఏటీవీ’లు, అంటే క్వాడ్ బైకులు, అద్దెకు దొరుకుతాయి. పండుగ మరునాడు పిల్లలతో విహారానికి వెళ్లిన కుటుంబాలు వాటి ముందు ఆగి ఆలోచిస్తాయి: ఈ రెండింటిలో ఏది సురక్షితం?

చాలామంది తల్లిదండ్రులు క్షణంలో తేల్చివేస్తారు. “రెండు చక్రాలది పడుతుంది, నాలుగు చక్రాలది నిలబడుతుంది” అన్నది వారి తర్కం. చూపుకు అది సబబుగానే తోస్తుంది. కాని ప్రపంచ అనుభవం దానికి భిన్నంగా ఉంది. ఆ భేదం తెలుసుకోకుండా పిల్లవాడిని ఆ సీటు మీద కూర్చోబెట్టడం తగదు.

నేల స్వభావం

బండి గురించి ఆలోచించే ముందు నేలను చూడాలి. మణికొండ చుట్టుపక్కల నేల మూడు రకాలు. మొదటిది మొరం: గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్రని గులకమట్టి. ఎండాకాలంలో ఇది గోళీలు పరచిన గచ్చులా జారుతుంది. వేగంలో ముందు బ్రేకు గట్టిగా పట్టితే చక్రం అదుపు తప్పుతుంది. రెండవది పరుపు బండ. పొడిగా ఉన్నప్పుడు టైరుకు చక్కని పట్టు ఇస్తుంది. వాన పడి నాచు పట్టిన తరువాత నడిచే కాలికే నిలకడ ఉండదు. మూడవది మనిషి చేసిన నేల: పునాదుల కోసం తవ్విన గోతులు, వదిలివేసిన క్వారీ గుంతలు, ఇళ్లు కూల్చిన శిథిలాలు, వాటిలో పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు. నిన్న ఉన్న దారికి అడ్డంగా నేడు ముళ్లకంచె ఉండవచ్చు. నిరంతరం నిర్మాణాలు సాగే ఈ ప్రాంతంలో అసలు ప్రమాదం ఈ మూడవ నేల వల్లనే. ఏ బండి ఎక్కినా, ఆ దారిని ముందుగా కాలినడకన చూసి రావడం మొదటి నియమం.

డర్ట్ బైకు ఏమి కోరుతుంది?

డర్ట్ బైకు తేలికైనది. బరువు సుమారు 100 నుండి 160 కిలోల మధ్య ఉంటుంది. మన దేశంలో 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వంటివి రోడ్డు మీద నడపడానికి రిజిస్ట్రేషన్ పొందినవే. వారం రోజులు ఆఫీసుకు, ఆదివారం మట్టిదారికి ఉపయోగపడతాయి. కేవలం పోటీల కోసం తయారైన డర్ట్ బైకులకు ఆ సౌకర్యం లేదు.

ఈ బండి నడిపేవానిని నిరంతరం మెలకువగా ఉంచుతుంది. క్లచ్, గేరు, రెండు బ్రేకులు, తూకం అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. నేర్చుకునేవాడు పడతాడు. మణికట్టు, మెడ కింది ఎముక, మోకాలు, చీలమండ గాయాలు ఈ క్రీడలో తరచు కనిపిస్తాయి. అయితే పడినప్పుడు సాధారణంగా మనిషి ఒక వైపు, బండి మరొక వైపు పడతాయి. నెమ్మదిగా వెళ్తుంటే, రక్షణ దుస్తులు ధరించి ఉంటే, చాలాసార్లు లేచి దుమ్ము దులుపుకోవచ్చు. పడతామనే భయం ఎప్పుడూ వెన్నంటి ఉండటం వల్ల హెల్మెట్ పెట్టుకోవాలన్న స్పృహ కూడా నిలుస్తుంది.

క్వాడ్ ఏమి దాస్తుంది?

క్వాడ్ ఆగి ఉన్నప్పుడు పడదు. బొటనవేలితో ఎక్సిలేటర్ నొక్కితే కదులుతుంది. అయిదు నిమిషాల్లో ఎవరైనా నడపగలమనుకుంటారు. ప్రమాదం ఆ ధీమాలోనే దాగి ఉంది. పెద్దల క్వాడ్లలో అనేకం 250 నుండి 350 కిలోల బరువు ఉంటాయి. 300 కిలోలు అంటే పన్నెండు 25 కిలోల బియ్యం బస్తాలు. కూర్చునే చోటు ఎత్తు, చక్రాల మధ్య దూరం తక్కువ. పైగా అనేక రకాలలో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఒకే వేగంతో తిరుగుతాయి. అందువల్ల మలుపులో బండి తిన్నగా వెళ్లాలని చూస్తుంది. నడిపేవాడు తన శరీరాన్ని మలుపు లోపలికి వంచి బరువు మార్చాలి. ఆ కిటుకు తెలియనివాడు వాలులో అడ్డంగా వెళ్లినా, ఒక చక్రం బండరాయి ఎక్కినా బండి బోల్తా పడుతుంది. బైకులా అది మనిషిని వదలి దూరంగా పడదు. అతని మీదికే వస్తుంది. అప్పుడు ఛాతీ నలిగి ఊపిరి అందదు.

ఈ వాహన చరిత్రే దీనికి సాక్ష్యం. 1970లో హోండా మూడు చక్రాల ఏటీవీని అమెరికా మార్కెట్లో ప్రవేశపెట్టింది. ప్రమాదాలు పెచ్చరిల్లడంతో 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు కంపెనీలు మూడు చక్రాల బండ్ల అమ్మకాన్ని నిలిపివేశాయి. నాలుగు చక్రాలవి నిలిచాయి గాని, సమస్య తీరలేదు. పొలాల్లో వీటిని విరివిగా వాడే ఆస్ట్రేలియాలో బోల్తా మరణాలు ఆగకపోవడంతో, 2021 అక్టోబరు నుండి సాధారణ వాడకపు కొత్త క్వాడ్లకు, బోల్తా పడినా మనిషిని నలగనివ్వని రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేశారు.

రెండు వాహనాలను పోల్చిన అధ్యయనమూ ఉంది. 2002–2006 మధ్య అమెరికాలో గాయపడి చికిత్స పొందిన దాదాపు 60 వేల మంది వివరాలను జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పరిశీలించారు. ఒకే స్థాయి గాయాలైనప్పటికీ, మట్టిదారి బైకు ప్రమాద బాధితుల కంటే ఏటీవీ బాధితులు మరణించే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. బైకు నడిపినవారిలో సుమారు 60 శాతం హెల్మెట్ ధరించగా, ఏటీవీ నడిపినవారిలో ధరించినవారు 30 శాతమే. హెల్మెట్ ఉన్నవారిలో సైతం ఏటీవీ బాధితుల పరిస్థితే విషమంగా ఉండటం గమనార్హం.

పిల్లలు, వస్త్రధారణ

అమెరికా శిశువైద్యుల సంఘం 16 సంవత్సరాలలోపు పిల్లలను ఏటీవీ ఎక్కించవద్దని స్పష్టంగా సలహా ఇస్తోంది. మన వద్ద కనిపించే దృశ్యం వేరు. తండ్రి నడుపుతుంటాడు, ముందు చిన్నవాడు, వెనుక పెద్దవాడు, ఎదురుగా అమ్మ ఫోనులో వీడియో తీస్తుంటుంది. ఒకరి కోసం తయారైన సీటు మీద ముగ్గురు కూర్చుంటే, మలుపులో బరువు మార్చుకునే చోటే ఉండదు. పిల్లవాడిని కాపాడుతున్నానని తండ్రి అనుకునే ఆ ఒడి, బోల్తా పడితే పిల్లవాడు చిక్కుకునే చోటు అవుతుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పవలసింది దుస్తుల సంగతి. జారవిడిచిన దుపట్టా, అబాయా అంచు, పొడవైన కుర్తా కొస బైకు గొలుసులోనో, క్వాడ్ వెనుక ఇరుసులోనో చుట్టుకుంటే మెడకు ఉరి పడవచ్చు. పర్దాను పాటిస్తూనే దీనికి పరిష్కారం ఉంది: ఒంటికి చాలినంత వదులుగా, అంచులు బిగించిన పొడవాటి జాకెట్, ప్యాంటు, చీలమండలు దాటే బూట్లు; హెల్మెట్ లోపల పిన్నులు లేని పలుచని హిజాబ్ టోపీ. అద్దెకిచ్చే చోట వదులు హెల్మెట్ ఇస్తే, పట్టీ బిగించినా తల మీద కదులుతుంటే, ఆ రోజుకు ప్రయాణం మానుకోవడమే మంచిది.

ఎక్కడ, ఎవరి నేల మీద?

“ఖాళీ స్థలమే కదా” అన్న మాట మణికొండలో తరచు వినిపిస్తుంది. ఇక్కడ యజమాని లేని జాగా లేదు. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి వక్ఫుది, మరొకటి ఎవరో కష్టార్జితంతో కొనుక్కున్న ప్లాటు. కొన్నిచోట్ల రాళ్ల మధ్య పాత సమాధులున్నాయి. గుట్టల పొదల్లో నెమళ్లు, ఉడుములు బతుకుతున్నాయి. 1908 మూసీ వరదల అనంతరం కట్టిన, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ ఒడ్డున బండి నడపడమంటే, నగరం తాగిన నీటి గట్టును చెరపడమే. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వాహనం తీసుకుపోవడం నేరం.

చట్టం కూడా నిర్దిష్టంగానే ఉంది. రిజిస్ట్రేషన్ లేని క్వాడ్‌ను, పోటీ బైకును బహిరంగ రహదారి మీదికి తేరాదు. ట్రాలీ మీద తీసుకెళ్లాలి. గేర్ల బైకు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నేరానికి తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ప్రైవేటు ఆవరణలో లైసెన్సు ఎవరూ అడగకపోవచ్చు. అక్కడ అడగవలసినవారు తల్లిదండ్రులే.

ఏది ఎంచుకోవాలి?

లైసెన్సు ఉన్న పెద్దవారు, మట్టిదారి నడక నిజంగా నేర్చుకోదలిస్తే, తక్కువ శక్తి గల తేలికపాటి డర్ట్ బైకు మేలు. శిక్షకుని ముందు, చదునైన మెత్తని నేల మీద, రెండు కాళ్లూ నేలకు ఆనే ఎత్తులో ఆరంభించాలి. ఒంటరిగా వెళ్లరాదు, ముగ్గురు కలిసి వెళ్తే, ఒకరు గాయపడితే ఒకరు తోడు ఉంటారు, మరొకరు 108కి దారి చూపుతారు. వెళ్లే చోటు, తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

క్వాడ్ ఎక్కాలనుకుంటే చదును చేసిన ఆవరణలోనే, ఒక్కరే, వేగానికి పరిమితి బిగించిన దానినే ఎక్కాలి. వాలులు, బండలు, తారు రోడ్డు దానికి తగవు. కుటుంబమంతా కలిసి విహరించాలని ఉంటే, పక్కపక్క సీట్లు, సీటు బెల్టులు, తలపై ఇనుప చట్రం గల బగ్గీలు కొన్ని చోట్ల ఉన్నాయి. కాళ్లు నేలకు ఆనే ఎత్తున్న పిల్లలతో, బెల్టులు పెట్టుకొని, అనుభవజ్ఞుడైన డ్రైవరుతో వెళ్లవచ్చు. అంతకన్నా చిన్నపిల్లలకు ఈ గుట్టలను చూపడానికి కాలినడకే చాలు.

సాహసం తప్పు కాదు. యువకులకు అది అవసరం కూడా. కాని శరీరం మనకు అప్పగించిన అమానతు, పిల్లల శరీరం మరీ పెద్ద అమానతు. అద్దె కౌంటరు దగ్గర నిలబడినప్పుడు చక్రాలు లెక్కపెట్టడం ఆపి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ బండి తిరగబడితే నా బిడ్డ ఎక్కడ ఉంటాడు? దానికి స్పష్టమైన జవాబు దొరకని బండి నుండి బిడ్డను కిందికి దింపడమే ఆ రోజు తండ్రి చేయగల అత్యంత ప్రేమపూర్వకమైన పని.