నీళ్లు మానేస్తే ఆగుతుందా?

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన క్లినిక్ పెట్టుకున్నాను కాబట్టి పసిబిడ్డను ఎత్తుకుని వచ్చే ఫౌజీ తల్లులకు నా దగ్గర కొదవలేదు. సెలవు ఇంక అయిపోతుందనగా వస్తారు. "మేడం, మళ్లీ పీటీకి వెళ్లాలి, పొట్ట తగ్గడానికి ఏదైనా రాయండి" అంటారు. బరువెంతో, పరుగుకు ఎంతసేపు పడుతోందో లెక్క చెబుతారు. అసలు సంగతి మాత్రం చెప్పరు. "దగ్గితే, గెంతితే మూత్రం పడుతోందా తల్లీ?" అని నేనే అడగాలి. తల వంచుకుంటారు. పక్కనున్న అత్తగారు "కాన్పయ్యాక మామూలేగా డాక్టరుగారూ" అనేస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. చాలామందికి వస్తుంది, నిజమే. అంతమాత్రాన వదిలేయమనా?

ఒక కెప్టెన్ అమ్మాయి ఉపాయం వినండి. తెల్లవారితే పరుగు ఉందంటే రాత్రి నుంచే నీళ్లు ముట్టదు. పైగా రెండు ప్యాడ్లు. మూత్రంలో మంట, చలిజ్వరంతో వచ్చింది. మందులిచ్చాను, తగ్గింది. ఇంట్లో అమ్మమ్మేమో బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని గ్లాసు లాక్కునేదట. తుపాకీ పట్టిన మనవరాలిదీ, బడి ముఖం చూడని అమ్మమ్మదీ ఒకటే వైద్యం! పాలిచ్చే తల్లికి దాహం కట్టడి చేయడమేమిటమ్మా?

తొమ్మిది నెలలు బరువు మోసి కటి అడుగున కండరాలు పాత ఉయ్యాల గుడ్డలా సాగిపోతాయి. సిజేరియన్ అయినవాళ్లకూ మూత్రం పడే ఈ బాధ ఉండొచ్చు, మోసిన బరువు బరువే కదా. ఆ కండరాలను బిగించే వ్యాయామాన్ని కెగెల్ అనే డాక్టరు 1948లోనే రాసిపెట్టాడు. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి, కాసేపు పట్టి, వదలాలి. విడతకు ఎనిమిది చొప్పున రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయొద్దు. నడక త్వరగానే మొదలుపెట్టొచ్చు, పరుగు మాత్రం మూడు నెలలు దాటాకే. పరుగుకు ముందు రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. రక్తం లేని ఒంటితో అయిదు కిలోమీటర్ల పరుగు ఎలా లాగుతారు?

ఎందుకు దాస్తారో నాకు తెలియక కాదు. షేప్-1 అనే పూర్తి ఫిట్‌నెస్ గ్రేడు పోతుందని, మెడికల్ కేటగిరీ దిగిపోతుందని భయం. మగ అధికారులను సర్వీసు మొదట్లో కొలిచిన కొలతతో నడివయసు మహిళలను కొలవడం అన్యాయమని 2021లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. అమెరికా సైన్యంలో 2022 నుంచి కాన్పయిన ఏడాది వరకు ఫిట్‌నెస్ పరీక్షను రికార్డుకు ఎక్కించరు. ఆ భరోసా ఉంటే దాచేపని ఏముంది?

అయినా మన సైన్యంలో తల్లుల చేతిలో ఉన్నది తక్కువేం కాదు. 180 రోజుల ప్రసూతి సెలవు, 2023 నుంచి మహిళా జవాన్లకూ అధికారులతో సమానంగా. అందులో నలభై రోజులు మంచం, ఆపైన చుట్టాలు, నామకరణం, అన్నప్రాశన. ఆఖరి రెండు వారాల్లో ఆరు నెలల పరుగంతా పరుగెత్తాలనుకుంటారు!

నడుముకు గుడ్డ కట్టుకుంటామంటే కట్టుకోండి, వద్దనను. దానివల్ల కండరానికి బలం రాదు. ఆరో వారం చెకప్‌కు తప్పకుండా రండి. మూత్రం సంగతి నేను అడక్కముందే చెప్పండి. అత్తగారిని బయట కూర్చోబెట్టే పూచీ నాది.