ఫరాసుల మెట్ట మీద మన ఉప్పెన

కలకత్తాకి మనవాళ్ళు ఎవరొచ్చినా జేబులో ఒక చీటీ ఉంటుంది. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, వీలుంటే గంగాసాగర్. అన్నీ చూడండి, వద్దనను. కానీ ఒక్క రోజు నాకివ్వండి. పొద్దున్నే హౌరాలో బండెల్ లోకల్ ఎక్కిస్తాను, దీపాలు పెట్టే వేళకి ఇంటికి తెచ్చేస్తాను. ఎక్కడికంటారా? చందన్‌నగర్. మన యానానికి తోడబుట్టిన ఊరు.

డిసెంబరు చలి కదా, తలుపు దగ్గరగా వేసి ఇలా జరిగి కూర్చోండి. మట్టి ముంతలో టీ ఉంది. రేపటి ప్రయాణం ఇవాళే చెప్పేస్తాను, చూసేటప్పుడు మీకు ఇంకా బావుంటుంది.

హౌరా నుంచి గంట ప్రయాణం. హుగ్లీ నది పడమటి గట్టుకి దగ్గరదగ్గరగానే పోతుంది ఆ దారి. ఈ గట్టు మీద ఒకప్పుడు యూరపు అంతా కాపురం పెట్టింది. శ్రీరాంపూర్ డేన్మార్కు వాళ్ళది, చుంచుడా డచ్చివాళ్ళది, బండెల్‌లో పోర్చుగీసువాళ్ళ చర్చి. శ్రీరాంపూర్ వచ్చినప్పుడు నేను కిటికీలోంచి ఒక దండం పెట్టుకుంటాను. విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది అక్కడే. గోదావరికి ఇంత దూరాన, గంగ ఒడ్డున, మన అక్షరాలు సీసంలో పోతపోసి అచ్చుకొట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

చందన్‌నగర్‌ని బెంగాలీలు ఫరాస్‌డాంగా అనేవారు. ఫరాస్ అంటే ఫ్రెంచివాళ్ళు, డాంగా అంటే నీళ్ళెక్కని ఎత్తు నేల. మన పాత తెలుగులోనూ ఫ్రెంచివాళ్ళు ఫరాసులే. అంటే తెలుగులో ఆ ఊరిపేరు అచ్చంగా ‘ఫరాసుల మెట్ట’. ఫరాస్‌డాంగా ధోవతులంటే బెంగాల్లో ఒకప్పుడు ఎంత పేరో! బట్టల వ్యాపారమే ఫరాసుల్ని అటు యానానికీ ఇటు ఇక్కడికీ లాక్కొచ్చింది. యానాంలో గుడ్డలకి అద్దకం వేసిన నీలికుండీల సంగతి మీ పెద్దవాళ్ళనడిగితే చెబుతారు.

బొబ్బిలి యుద్ధం బుర్రకథలో విన్నారుగా? 1757 జనవరి 24న ఫరాసు సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట బూడిదయింది. రెండు నెలలు నిండకుండానే, మార్చి 23న, ఇక్కడ ఫరాసుల ఆర్లియాన్ కోట కూలింది. నేల మీంచి ఇంగ్లీషు సేనాని క్లైవు, నది మీంచి వాట్సన్ యుద్ధనౌకలు. ఆ బుస్సీయే వచ్చి ఆదుకుంటాడని బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఆశపడ్డాడు. బుస్సీ రాలేదు. జూన్‌లో ప్లాసీ. బొబ్బిలినీ ప్లాసీనీ మనం వేరువేరు పాఠాలుగా చదువుకున్నాం. ఒక్కసారి చందన్‌నగర్ గట్టు మీద నిలబడితే రెండూ ఒకే కథలో పక్కపక్క పేజీలని తెలుస్తుంది.

ఆ గట్టునే స్ట్రాండ్ అంటారు. కిలోమీటరు పొడుగున నది పక్కనే చెట్ల నీడలో నడక. ఇక్కడ నది వంపు తిరుగుతుంది. అర్ధచంద్రుడిలా ఉందని చాంద్‌నగర్ అన్నారని కొందరు, చందనం వ్యాపారం వల్ల ఆ పేరొచ్చిందని కొందరు. నాకు వంపే ఇష్టం. మధ్యలో స్తంభాల మంటపంతో ఒక రేవు ఉంది, దుర్గాచరణ్ రక్షిత్ పేరు మీద. ఫ్రెంచి ప్రభుత్వం 1896లో లెజియన్ దానర్ బిరుదిచ్చిన మనిషి ఆయన. ఆ మెట్ల మీద తప్పకుండా కూర్చోండి. ఇంత లోపలికి కూడా సముద్రపు పోటు వస్తుంది. కాసేపు కిందికి కొట్టుకుపోయిన గుర్రపుడెక్క గుబుర్లే, పోటు మొదలవగానే ఎదురు తిరిగి వెనక్కి రావడం చూస్తారు. గోదావరి పాయల పక్కన పెరిగినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. పరాయి ఊళ్ళో కనిపించేసరికి గొంతుకేదో అడ్డం పడుతుంది, అంతే.

స్ట్రాండ్ మీదే డూప్లే పేరుతో పిలిచే భవనం ఉంది, ఇప్పుడు మ్యూజియం. పాండిచ్చేరి వెళ్ళి పెద్ద పేరు తెచ్చుకోకముందు 1731 నుంచి పదేళ్ళు డూప్లే ఏలింది ఈ ఊరినే. లోపల ఫిరంగులు, పాత కర్ర సామాను. అందులో చాలా వస్తువులు హరిహర్ సేఠ్ అనే ఊరి పెద్దమనిషి కూడబెట్టి ఇచ్చినవి. ఒక ఊరికి అలాంటి మనిషి ఒక్కడుంటే చాలు. 1884లో తెరిచిన సేక్రెడ్ హార్ట్ చర్చి దగ్గర్లోనే. నది ఒడ్డున, కింది అంతస్తు నేలలోకి దిగిపోయిన ‘పాతాళ్ బాడీ’ అనే ఇల్లుంది, రవీంద్రుడు బస చేసిన చోటు. నందదులాల్ గుడి చూడాలంటే కాస్త లోపలికి నడవాలి. 1740 ప్రాంతంలో ఇంద్రనారాయణ్ చౌధురి కట్టించాడు. పూరింటి కప్పులా వంగిన ఆ ఇటుక కప్పుని తల పైకెత్తి చూడండి.

మనకీ వీళ్ళకీ ఇంకో పోలిక. ఇంగ్లీషువాడి చట్టం అందని జాగా కావడం ఈ ఊళ్ళ అసలు బలం. 1910 ఫిబ్రవరిలో అరవిందుడు కలకత్తాలో పడవెక్కి చీకట్లో వచ్చి చేరింది ఇక్కడికే. మోతీలాల్ రాయ్ ఆశ్రయమిచ్చాడు. ఏప్రిల్ నాటికి అరవిందుడు పాండిచ్చేరిలో ఉన్నాడు. రాస్‌బిహారీ బోస్ పెరిగిన ఊరిది. 1908లో ఉరికంబమెక్కిన కనాయిలాల్ దత్తు పుట్టిన ఊరిది. యానాంలో ఆ వెసులుబాటు వేరే దారి పట్టింది. 1929 శారదా చట్టం బాల్యవివాహాలకి అడ్డుపడితే, మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేశారు. కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. ఒకే సరిహద్దు ఒకచోట విప్లవకారుణ్ణి దాచింది, ఇంకోచోట పదేళ్ళ పిల్ల మెడలో తాళి కట్టించింది. రెండోది తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది, దాచను.

1949 జూన్‌లో చందన్‌నగర్ ఓటు వేసింది. భారత్‌లో కలుస్తామన్నవాళ్ళు 7,463 మంది, వద్దన్నవాళ్ళు 114. 1950 మే 2న పాలన చేతులు మారింది, 1954లో పశ్చిమ బెంగాల్లో కలిసిపోయింది. యానాం మాత్రం చుట్టూ ఆంధ్రదేశం పెట్టుకుని ఇవాళ్టికీ పుదుచ్చేరి సంసారంలోనే ఉంది.

మధ్యాహ్నం మిఠాయి తినకుండా మిమ్మల్ని కదలనివ్వను. ఇక్కడి సూర్య మోదక్ కొట్టువాళ్ళది జలభరా సందేశ్. అచ్చు తాటిముంజె ఆకారం, కొరికితే లోపల గులాబీ పాకం. కొత్తల్లుడిని ఆటపట్టించడానికి తెలినీపాడా జమీందారింటి ఆడవాళ్ళు చేయించారని చెప్పుకుంటారు. అల్లుడు కొరికాడు, చొక్కా తడిసింది, లోగిలంతా నవ్వులు. ముంజె కొరికి చొక్కా తడుపుకోని చిన్నతనం మనలో ఎవరికుంది?

ఇక అసలు చోటు. లాల్ దీఘీ అనే పెద్ద చెరువుంది, దానికెదురుగా ఫ్రెంచివాళ్ళ శ్మశానం. నూటయాభై దాకా సమాధులు. అందులో ఒకటి హెన్రీ పిడింగ్టన్‌ది. ఫరాసు కాడు, ఇంగ్లీషువాడు. ఓడ కెప్టెనుగా తిరిగి తిరిగి కలకత్తాలో స్థిరపడ్డాడు. ఓడల లాగ్ పుస్తకాలు ముందేసుకుని, ఏ రోజు ఏ ఓడ దగ్గర గాలి ఎటు వీచిందో గుర్తులు పెడుతూ, బంగాళాఖాతం తుపానుల నడక పట్టుకున్నాడు. గాలి తిన్నగా కొట్టదు, చుట్టలు చుట్టుకుంటూ తిరుగుతూ ముందుకు కదులుతుంది. అది తెలిస్తే ఓడ తప్పించుకోగలదు. పారదర్శకమైన కొమ్ము పలకల మీద ఆ సుడి గీయించి, మ్యాపు మీద పెట్టి చూసుకోండని నావికుల చేతికిచ్చాడు. పాము చుట్టకి గ్రీకులో ఉన్న మాట నుంచి ఆ గాలికి ఒక పేరు తయారుచేశాడు. సైక్లోన్.

ఆ పేరు పెట్టినాయన రాసిన తుపానుల్లో మనదీ ఒకటుంది, తెలుసా? 1789 డిసెంబరులో మన కోరంగిని ముంచిన ఉప్పెన. మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1839 నవంబరులో మళ్ళీ ఇంకోటి. దాని తర్వాత ఆ రేవు తేరుకోలేదు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలని పిలిచేంత పేరున్న రేవు అది.

మా అమ్మమ్మగారిది తాళ్ళరేవు. కోరంగికి కూతవేటు దూరం. 1996 నవంబరు 6 రాత్రి నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. గాలి ఒక పక్కనుంచి కొట్టి, ఉన్నట్టుండి ఆగింది. హమ్మయ్య అని మేము తలుపు తీయబోతే అమ్మమ్మ మా రెక్క పట్టుకుని లాగింది. ‘ఇప్పుడు అటునుంచి వస్తుందిరా, కదలకండి’ అంది. వచ్చింది. ఆమె బడికి పోలేదు. పిడింగ్టన్ లెక్కలన్నీ వేసి తేల్చిన సంగతి, సుడి నడిబొడ్డున గాలి ఆగుతుందనీ, తరవాత ఎదురు దిక్కునుంచి కొడుతుందనీ, ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది. ఆ సమాధి ముందు మొదటిసారి నిలబడ్డ రోజున నాకు అమ్మమ్మ చెయ్యే గుర్తొచ్చింది.

కలకత్తాకి ఆసరాగా మాత్‌లా నది మీద కొత్త రేవు కట్టబోతుంటే, అక్కడ వద్దు, ఉప్పెన మింగేస్తుందని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి రాశాడు. వినలేదు. కేనింగ్ రేవు కట్టారు. పిడింగ్టన్ 1858లో పోయాడు. 1867 తుపానులో రేవు నాశనమైంది. అటు సుందర్‌బన్, ఇటు కోరంగి మడ అడవి. రెండిటి వేళ్ళ పట్టు ఎంత అవసరమో ఆ రెండు రేవుల గతి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కాకినాడ నుంచి ఏం తెమ్మంటావని ఫోన్లో అడిగారు కదా. కాజా ఇక్కడా దొరుకుతోంది. ఈసారి వచ్చేటప్పుడు కోరంగి కాలవ గట్టున మడచెట్ల మొదట్లోంచి గుప్పెడు బురద మట్టి పొట్లం కట్టి తెండి. లాల్ దీఘీకి ఎదురుగా ఆ సమాధి దగ్గర పోద్దాం.