కంపెనీ ‘ఊఁ’ అంటేనే...

అమెరికాలో డాక్టరు మందుచీటీ రాసినంత మాత్రాన పనైపోదు. ఖరీదైన మందైతే బీమా కంపెనీ కూడా ‘ఊఁ’ అనాలి. ఆ ఊఁ కొట్టించడమే ఆమె ఉద్యోగం. సొంతూరు తెనాలి. న్యూజెర్సీలో కీళ్లవాతం డాక్టర్ల క్లినిక్‌లో పదిహేనేళ్లుగా ఇదే పని. ‘రాసింది డాక్టరు కదా, మధ్యలో వాళ్లెవరే?’ అని తల్లి ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంటుంది. నిజమే మరి!

చేరిన కొత్తలో అంతా ఫ్యాక్సే. కంపెనీకో ఫారం. నింపి పంపితే ‘రెండో పేజీ అందలేదు’ అని జవాబు. ఫోన్ చేస్తే గంటసేపు ఒకటే సంగీతం. ఇప్పుడలా కాదు. డాక్టరు మందు ఎంచుకోగానే ‘దీనికి అనుమతి కావాలి’ అని కంప్యూటరే చెబుతుంది. కంపెనీ ప్రశ్నలూ తెరమీదికే వస్తాయి. పెద్దవాళ్లకుండే ప్రభుత్వ బీమా ‘మెడికేర్’లో మందుల ప్లాన్లు ఈ పద్ధతికి మారాలని 2018లో చట్టమే చేశారు. ఒక్కోసారి రోగి క్లినిక్ గడప దాటేలోపే అనుమతి వచ్చేస్తుంది. ఫ్యాక్సు రోజులు చూసినవాళ్లకు అదేం చిన్న విషయం కాదు.

చిక్కల్లా ప్రశ్నల దగ్గరే. ఆమధ్య ఒకాయనకు వేళ్లు వాచిపోయి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమైంది. డాక్టరు అడాలిముమాబ్ ఇంజెక్షన్ రాశారు. ‘మెథోట్రెక్సేట్ మూడు నెలలు వాడారా? అవును/కాదు’ అని అడిగింది తెర. చౌకమందు పనిచేయకపోతేనే ఖరీదైనది... కంపెనీల లెక్క అది. ఆయన వాడింది ఆరు వారాలే. కాలేయం పరీక్షల్లో తేడా కనిపించి పాత డాక్టరు ఆపేశారు. ఆ కథ చెప్పుకోవడానికి అక్కడ చోటేదీ? ‘కాదు’ అని నొక్కింది. నిమిషాల్లో తిరస్కారం! ఫ్యాక్సు కాలంలో ఆ మాటకే వారం పట్టేది.

ఇక వెతుకులాట. ఆ రక్తపరీక్ష కాగితం పాత డాక్టరు పంపిన దస్తాలో, బొమ్మలా స్కాన్ చేసిన పేజీల మధ్య ఉంది. మనిషి కూర్చుని చదివితే తప్ప దొరకదు. సాయంత్రం అందరూ వెళ్లాక దొరికింది. దాన్ని జతచేసి అప్పీలు పంపింది. కంపెనీ డాక్టరుతో తమ డాక్టరును ఫోన్లో మాట్లాడించింది. ఈలోగా ఆయన రోజూ పొద్దున్నే ఫోన్... ‘ఏమైనా తెలిసిందా?’ అని. ఇలాంటివి ఒకటా రెండా? అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2024 సర్వేలో ఒక్కో డాక్టరుకు వారానికి సగటున 39 అనుమతులు తేలాయి. ఆమె క్లినిక్‌లో డాక్టర్లు ముగ్గురు.

తొమ్మిదో రోజు అనుమతి వచ్చింది. ఏడాదికే! గడువు ముగిసే తేదీకి నెల ముందు, ఆమె తన క్యాలెండర్లో ఆయన పేరు రాసుకుంది.