పిడికెడు బియ్యం డబ్బా

మా ఊళ్లో "గుడికెళ్లొస్తా" అంటే ఎవరైనా కొండ వైపే చూస్తారు. ద్వారకా తిరుమల కదా మరి! స్వామివారి మూలవిరాట్టులు రెండు, కల్యాణాలు కూడా ఏడాదికి రెండుసార్లు. వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. ఆ రోజుల్లో మా ఆయన ఆటోకి తీరికుండదు. భీమడోలులో రైలు దిగిన యాత్రికుల్ని కొండకు చేర్చడమే ఆయన పని. "ఆ వెంకన్న దగ్గరికి జనం వస్తేనే మన పొయ్యి మీద గిన్నె" అంటారు మా అత్తయ్య. అంటూనే ఆదివారం పొద్దున్న తెల్లచీర కట్టుకుని, బైబిలూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ సంచిలో పెట్టుకుని మా గుడికి బయల్దేరతారు. మా గుడంటే ఊరి చివరి సి.ఎస్.ఐ. చర్చి. ఒకప్పుడు తాటాకు పాక, తర్వాత పెంకులు, ఇప్పుడు స్లాబు. అయ్యగారు ఇంకో నాలుగు సంఘాలు చూసుకోవాలి కాబట్టి మాకు సంస్కారం నెలకొక్కసారే.

నేను ఏలూరులో పెరిగాను. అక్కడ మిషన్ వాళ్లు 1854లోనే అడుగుపెట్టారు. పెద్ద గుడి, బెంచీలు, ఆర్గన్. కానుక సంచి ఎదురుగా వస్తే నాన్న ఇచ్చిన నోటు అందులో వేయడమే నాకు తెలుసు. కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చిన మర్నాడు అత్తయ్య వంటింట్లో మొదట చూపించింది ఉప్పూ కారం కాదు, ఒక పాత డాల్డా డబ్బా. "అమ్మాయ్, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు ఇందులో వెయ్యి. మర్చిపోకు" అన్నారు. నెలాఖరు ఆదివారం ఆడవాళ్లందరూ తెచ్చి గుళ్లో పెద్ద డ్రమ్ములో పోస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు గుడి ఖర్చులకి. వినగానే నాకు నవ్వొచ్చింది. పల్లెటూరి పద్ధతి అనుకున్నాను. అయినా వేశాను, పదిహేనేళ్లుగా వేస్తూనే ఉన్నాను.

2020 మార్చిలో అన్నీ మూసేశారు గుర్తుందా? కొండ మీద గుడి మూశారు, మా గుడీ మూశారు. రైళ్లు లేవు, యాత్రికులు లేరు. ఆటో పాకలో పడుకుంది. మా రేషన్ కార్డు అప్పుడే ఏదో ఆధార్ తిరకాసులో పడి ఆగింది. చేబదులు అడుగుదామంటే చుట్టూ అందరిదీ అదే పరిస్థితి. ఒక మధ్యాహ్నం బియ్యం డబ్బా అడుగు గీరితే గుప్పెడు కూడా రాలేదు. పిల్లలిద్దరూ ఆకలని చెప్పకుండా ఊరికే వంటింట్లోకి వచ్చి పోతున్నారు. అది మరీ బాధ. చివరికి దేవుడి డబ్బా మూత తీశాను. సోలెడు కొలిచి, గోడ మీద సుద్దతో ఒక గీత గీసి, వండేశాను. ఆ నెలలో అలా చాలా గీతలు పడ్డాయి.

అత్తయ్య గీతలు చూశారు. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఆ బియ్యం తినే నేను పెరిగాను, ఎందుకే ఏడుస్తావ్?" అన్నారు. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని సంగతి.

వాళ్ల నాన్న కొల్లేటి అంచున ఒక పల్లెలో మిషన్ బడి మాస్టారు. పగలు పిల్లలకి బడి, రాత్రి లాంతరు పెట్టి కూలికెళ్లొచ్చిన పెద్దలకి, ఆదివారం అదే పాకలో ఆరాధన. జీతం వస్తే వచ్చినట్టు. కొల్లేరు పొంగిందంటే దారులు మునిగి నెలల తరబడి రాదు. అప్పుడు ఆ ఇంటిని సాకింది పేటలోని ఆడవాళ్ల పిడికిళ్లే. రోజంతా నాట్లేసి వచ్చిన వాళ్లు, తమకే చాలని గింజల్లోంచి తీసి పెట్టినవి. "ఎవరి గుప్పెడు ఎంతో మా అమ్మకి తెలుసు. నూకలెవరివో, తవుడున్నవి ఎవరివో కూడా. ఒక్కరోజు కూడా పైకి అనలేదు" అన్నారు.

తర్వాత మా అయ్యగారిని అడిగి, దొరికింది చదివి ఇంకొంచెం తెలుసుకున్నాను. తిరునల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద పల్లెలన్నీ తిరిగారు. తర్వాత మన కృష్ణా, గోదావరి సంఘాలూ ఆయన కిందికే వచ్చాయి. సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలీలు. వాళ్ల చేతిలో డబ్బేది? అందుకే ధాన్యం, కోడి, గుడ్లు, గుమ్మడికాయ, ఏదైనా కానుకే. ఇప్పటికీ కోతపండుగ నాడు మా గుడి ముందు ఆనపకాయలు వేలం పాడుతుంటే పెళ్లివారి సందడే. ఐదారు శాఖలు కలిసి 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. అయ్యాయి కానీ, వంటింట్లో డబ్బా మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటేడు మా కమిటీ మీటింగులో ఈ బియ్యం ఆపేద్దామన్నారు. పురుగు పడుతోంది, అమ్మడం తలనొప్పి, ఇంటికింతని నెల చందా పెట్టి ఫోన్‌పేలో తీసుకుందామన్నారు. తప్పేం లేదు, వాళ్ల బాధ వాళ్లది. పైగా చందా బాకీ ఉన్నవాళ్లకి సంఘం ఎన్నికల్లో ఓటు లేదు కూడా. వెనక వరుసలో ముసలమ్మలు తలలు దించుకున్నారు. నాకెక్కడి నుంచి ధైర్యమొచ్చిందో, లేచి నిలబడ్డాను.

"చందా అంటే మా ఆయన్ని అడగాలి. వీళ్లు కొడుకుల్ని అడగాలి. ఈ పిడికెడు ఒక్కటే మేం ఎవర్నీ అడక్కుండా ఇచ్చేది" అన్నాను. లాక్‌డౌన్లో ఆ బియ్యం వండుకున్న సంగతి కూడా చెప్పేశాను. మా ఆయన ముఖం చూడాల్సింది! నంద్యాలలో పుష్పలలిత గారు 2013లోనే బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. మా కమిటీలో మాత్రం అప్పటికి ఒక్క ఆడమనిషీ లేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి ఒక పెద్దావిడ "నేనూ వండుకున్నానమ్మా, రెండుసార్లు" అంది. ఇంకొకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఏమీ చెప్పలేదు.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. ఫోన్‌పే స్టిక్కరు గుళ్లోకి వచ్చింది, డ్రమ్ము పోలేదు. స్టిక్కరు అంటించడానికి వేరే చోటు దొరకనట్టు ఆ డ్రమ్ముకే అంటించారు. ఎవరింట్లోనైనా గింజలు నిండుకుంటే ముందు డ్రమ్ములోంచి ఇవ్వాలని, పేరు రాయకూడదని కూడా అనుకున్నాం.

నా బాకీ సంగతంటారా? కొండ తెరిచి ఆటో కదిలాక, రోజూ పిడికెడుకి రెండు పిడికెళ్లు వేసి తీర్చాను. ఒక్కో సోలకీ ఒక గీత చెరిపాను. ఇప్పుడు గోడ శుభ్రం. అత్తయ్య మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆవిడ లెక్కలో ఇంకా రెండు గిద్దలు ఉన్నాయట.