ఆకలి నేర్పిన పాఠం

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ కూటినే కాదనుకొని నేను నేర్చుకొన్న పాఠం ఒకటి ఉంది.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో వసతిగృహంలో ఉండేదాన్ని. సన్నబడాలన్న మోజుతో ఉదయపు ఫలహారం మానివేశాను. రాత్రి ఒక అరటిపండుతో సరిపెట్టుకొనేదాన్ని. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. స్నేహితురాళ్లు మెచ్చుకొంటే పొంగిపోయాను. ఆ తరువాత మూడు నెలలపాటు నెలసరి రాలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక లోలోపల కుమిలిపోయాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళితే, నన్ను చూసి అమ్మ కంటతడి పెట్టింది. మరునాడే డాక్టరమ్మ వద్దకు తీసుకొని వెళ్లింది.

పరీక్షలన్నీ చేయించి, వేరే కారణమేదీ లేదని నిర్ధారించుకొన్నాక ఆమె అన్నారు: "నీ గర్భాశయంలో లోపం లేదమ్మా. నీ మెదడే జాగ్రత్త పడుతోంది."

ఆ మాటలోని అంతరార్థం జీవశాస్త్రం చదివాక బోధపడింది. మన కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. దాని జన్యువును 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది. కొవ్వు తరిగితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ ఆ లోటును గుర్తిస్తుంది. అక్కడ న్యూరోపెప్టైడ్ వై వంటి పెప్టైడ్‌లు పెరిగి ఆకలిని రగిలిస్తాయి. మరోవైపు, యవ్వనారంభానికి అత్యవసరమని 2003లో తేలిన కిస్‌పెప్టిన్ వ్యవస్థ మందగిస్తుంది. దానితో పీయూష గ్రంథికి అందవలసిన ఆజ్ఞలు తగ్గి, అండాశయాలు విశ్రమిస్తాయి. గాదెలో గింజలు నిండుకొన్నప్పుడు శుభకార్యాన్ని వాయిదా వేసుకొనే గృహస్థు వలె, శరీరం సంతానోత్పత్తిని వాయిదా వేస్తుందన్నమాట.

చరిత్ర కూడా ఇందుకు సాక్ష్యం. 1944-45 శీతకాలంలో నెదర్లాండ్స్‌లో కరవు తాండవించినప్పుడు ఎందరో స్త్రీలకు రుతుక్రమం ఆగిపోయింది. కొన్ని నెలలకు జననాలు బాగా తగ్గిపోయాయి. ఆహారం అందిన తరువాత పరిస్థితి మళ్లీ కుదుటపడింది.

నా విషయంలోనూ అదే జరిగింది. అమ్మ కలిపి పెట్టిన పప్పన్నం, నెయ్యి నాలుగు నెలల్లో నన్ను మళ్లీ మనిషిని చేశాయి. ఆలస్యమైతే ఎముకలు సైతం బలహీనపడేవని డాక్టరమ్మ హెచ్చరించారు.

సన్నదనమే అందమని భ్రమించేవారిని చూసినప్పుడు నాకు ఆనాటి అమ్మ కన్నీరు గుర్తుకు వస్తుంది. ఆకలి మన శత్రువు కాదు. మన మేలు కోరి శరీరం పలికే పలుకు. దానిని ఆలకించడమే వివేకం.