అయిదో తూటా

4 సెకన్లు. 25 మీటర్ల అవతల 5 టార్గెట్లు, ఒక్కోదానికి ఒక్క తూటా. 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ ఫైనల్లో మన సైనికుడు విజయ్‌కుమార్ ఇలా కాల్చే రజతం గెలిచాడు. 40 తూటాల్లో 30 గురికి తగిలాయి. ఆయన చూపు గురించి, చేతి నిలకడ గురించి దేశమంతా చెప్పుకుంది. చెప్పుకోవాల్సిందే. అయితే ఆ 40 తూటాలనూ వేళ తప్పకుండా పైకి అందించిన చిన్న రేకు డబ్బా కూడా అక్కడ ఉంది. ఆ మ్యాగజైన్ గురించి నాలుగు మాటలు చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం తెచ్చింది. మా రేంజ్‌కి వచ్చే ఆడపిల్లలు ఆమె పేరు చెప్పే .22 పిస్టల్ పట్టుకుంటారు. వాళ్ళ పోటీలో రెండో సగం చాలా కఠినం. టార్గెట్ 3 సెకన్లు కనబడుతుంది, 7 సెకన్లు మాయమవుతుంది. కనబడిన ప్రతిసారీ ఒకే తూటా, అలా అయిదుసార్లు. నాలుగు చక్కగా పేలి అయిదోది లోపల ఇరుక్కుంటే ఆ పిల్ల ముఖం చూడలేం. నిబంధన ప్రకారం పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి, అధికారి వచ్చేదాకా అలాగే నిలబడాలి. కంగారులో తనే బోల్ట్ లాగిందా, ఆ మొరాయింపు ఇక లెక్కలోకి రాదు. నిజంగా పిస్టల్‌దే లోపమని తేలితే మళ్ళీ అవకాశం ఇస్తారు కానీ దానికీ హద్దుంది. అవకాశం దొరికినా అప్పటిదాకా కుదిరిన లయ చెదిరిపోతుంది.

అలా ఆగినప్పుడు అందరూ ముందు పిస్టల్‌ని అనుమానిస్తారు, తర్వాత తూటాల పెట్టెని. చివరికెప్పుడో మ్యాగజైన్ దగ్గరికి వస్తారు. నేనైతే అక్కడే మొదలుపెట్టమంటాను.

లోపల జరిగేది ఇది. అడుగున స్ప్రింగు, దాని మీద తూటాల్ని మోసే పలక, అంటే ఫాలోవర్, ఆపైన తూటాలు. పై తూటా జారిపోకుండా రెండు వైపులా లోపలికి వంగిన రేకు అంచులు పట్టి ఉంచుతాయి. షూటర్లు వాటిని లిప్స్ అంటారు. పేలిన వేగానికి వెనక్కి వెళ్ళిన బోల్ట్ ముందుకొస్తూ పై తూటాను అడుగు పట్టి నెడుతుంది. తూటా ముక్కు పైకి లేచి ఛాంబర్‌లోకి దూరుతుంది. లిప్స్ వెడల్పయితే తూటా తొందరపడి విడిపోయి ముక్కెత్తి ఛాంబర్ పై అంచుకు కొట్టుకుంటుంది. బిగుసుకుంటే ఆలస్యంగా విడిపోయి ముక్కు దించేస్తుంది. స్ప్రింగు నీరసించిందంటే ఆ సంగతి ఎక్కువగా చివరి తూటా దగ్గరే తెలుస్తుంది. అప్పటికి స్ప్రింగు దాదాపు పూర్తిగా సాగి ఉంటుంది, తోసే బలం తక్కువ. బోల్ట్ వచ్చేసరికి తూటా ఇంకా కిందే ఉండిపోతుంది.

.22కి ఇంకో చిక్కు ఉంది. దాని ఒళ్ళు 5.7 మిల్లీమీటర్లు, అడుగున ఉండే రిమ్ము సుమారు 7. పై తూటా రిమ్ము కింది తూటా రిమ్ముకి ముందు ఉండాలి. వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి, బోల్ట్ ఎంత నెట్టినా కదలవు. నింపేటప్పుడు పిల్లలు వేలు నొప్పి పుట్టకుండా ఫాలోవర్‌కి ఉండే పక్క బొత్తాన్ని కిందిదాకా లాగేసి తూటాల్ని లోపలికి జారవిడుస్తారు. ఆ ఖాళీలో అవి ఎలా పడితే అలా పడతాయి. ఒక్కో తూటాకి సరిపడా మాత్రమే బొత్తాం దించి, కొత్తదాని రిమ్ము కింది తూటా రిమ్ముకి ముందే ఉండేలా పెట్టాలి. ఇది నేర్పడానికి పెద్ద సమయం పట్టదు. అయినా గురి గురించి గంటలు చెప్పే శిక్షణలో దీనికి చోటుండదు, అది నాకు బాధగా ఉంటుంది.

నేను అందరికీ మొదట చెప్పేది, ప్రతి మ్యాగజైన్ అడుగునా మార్కర్‌తో అంకె వేయమని. ఆగిన ప్రతిసారీ ఏ అంకెది, ఎన్నో తూటా, ముక్కు పైకా కిందికా అన్నది స్కోరు పుస్తకంలోనే రాసుకోవాలి. కొన్నాళ్ళకు ఆ రాతే దోషిని చూపిస్తుంది. అన్నిసార్లూ 2వ నంబరే ఆగుతుంటే లోపం దానిలోనే. అన్ని నంబర్లూ ఆగుతుంటే ఛాంబర్ మురికో, ఎక్స్‌ట్రాక్టరో, ఆ పిస్టల్‌కి పడని తూటాలో అయ్యుంటాయి.

తర్వాత విప్పి చూడాలి. తూటాలు లేవని కళ్ళతో చూసి, వేలితో తడిమి, అడుగు రేకు జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టాలి. లేకపోతే స్ప్రింగు ఎగిరి కంట్లో పడుతుంది. అది ఏ వైపు తిరిగి ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి, తిరగేసి బిగిస్తే ఫాలోవర్ వంకర నడక నడుస్తుంది. లోపల కనబడే నల్లటి జిడ్డు, కుట్టుమిషన్ బాబిన్ కింద నూనె, నూలు కలిసి పేరుకున్న మడ్డిలా ఉంటుంది. సీసపు తూటా మీది మైనం, పేలిన మందు మసి కలిసి అలా అవుతాయి. మన మే నెల ఎండకి మైనం ఇంకా మెత్తబడుతుంది. నైలాన్ బ్రష్షు, కొంచెం సాల్వెంట్, పొడి గుడ్డ చాలు. లోపల నూనె పోయకూడదు. నూనె దుమ్మును పట్టుకుంటుంది, తూటాల్లోకి దిగితే మందునూ పాడుచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తుప్పు భయం ఉంటే, నూనె అంటిన గుడ్డతో బయట ఒకసారి తుడిచి, ఆ పైన పొడిగుడ్డతో ఒత్తితే సరిపోతుంది.

స్ప్రింగును ఎక్కువగా అలసిపోయేలా చేసేది నొక్కి ఉంచడం కాదు, మళ్ళీ మళ్ళీ నొక్కి వదలడం. అందుకే రోజూ సాధనకి వాడే మ్యాగజైన్ త్వరగా నీరసిస్తుంది. అదే తయారీదారు స్ప్రింగు ఒకటి ముందే తెప్పించుకోవడం మంచిది. ఇక్కడి స్పోర్ట్ పిస్టళ్ళు చాలావరకు ఇటలీ, జర్మనీల నుంచి వచ్చినవే, విడిభాగం కావాలంటే వారాలు ఎదురుచూడాలి.

ఇక లిప్స్. శ్రావణం పట్టుకుని వాటిని వంచాలన్న ఆత్రం మగవాళ్ళలో ఎక్కువ చూశాను. దయచేసి వద్దు. ముందు పైన చెప్పినవన్నీ చేయాలి. అప్పటికీ ఆగుతుంటే, బాగా నడిచే మ్యాగజైన్ లిప్స్ మధ్య దూరాన్ని వెర్నియర్‌తో ముందూ వెనకా కొలిచి, పేచీ పెట్టేదాన్ని దాంతో పోల్చాలి. తేడా ఉంటే ఆయుధాల మెకానిక్‌కి ఇవ్వండి. అతను వెంట్రుకవాసి వంచి, రేంజ్‌లోనే కాల్చి చూసి, చాలకపోతే మరో వెంట్రుకవాసి వంచుతాడు. ఒకే చోట పదేపదే వంచిన ఉక్కు చిట్లుతుంది. చిట్లినదాన్నీ, ప్లాస్టిక్ లిప్స్ ఉన్నదాన్నీ మార్చేయడమే. అసలు ఆ లిప్స్ చెడేది చాలాసార్లు మ్యాగజైన్ సిమెంటు నేల మీద తలకిందులుగా పడటం వల్లే. కాల్చే చోట ఓ రబ్బరు చాప పరిచిన క్లబ్బులో ఈ మరమ్మతు అవసరం బాగా తగ్గుతుంది.

సొంత పిస్టల్ ఉన్నవాళ్ళు ఇవన్నీ ఎలాగో చూసుకుంటారు. నా ఆరాటం క్లబ్బు పిస్టల్‌తో నేర్చుకునే పిల్లల గురించి. వాళ్ళ చేతికి వచ్చేది పదిమంది వాడి, ఎవరూ విప్పి చూడని మ్యాగజైన్. అది ఆగినప్పుడల్లా తమ మణికట్టులోనే లోపముందని ఆ పిల్లలు నమ్మేస్తారు. ప్రతి క్లబ్బూ వారంలో ఒక సాయంత్రం కాల్పులు ఆపి, పిస్టళ్ళు పక్కన పెట్టించి, పిల్లల చేతనే మ్యాగజైన్లు విప్పించి శుభ్రం చేయించాలి. అరిగిన స్ప్రింగు పక్కన కొత్తది నిలబెట్టి ఎత్తులో తేడా చూపించాలి. పనికిరానిదాని మీద ఎర్ర రంగు పూసి, సాధన పెట్టెలోంచి ఆ రోజే తీసేయాలి.